మదనపల్లె అబ్బాయి యూరప్ ట్రిప్

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాయన నాకొక పని అప్పజెప్పినాడు. మా అక్క నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. పోయి రెండున్నరేళ్ళయింది, మధ్యలో ఒక్కసారి కూడా రాలేదు. మా మదనపల్లె మండీలో టమాటా సీజన్ ఊపందుకోక ముందే, అంటే ఏప్రిల్‌లో, అమ్మా నాయనా ఇద్దరూ పది రాత్రులకు అక్కడికి పోయి రావాలి. ఇద్దరూ విమానం ఎక్కడం ఇదే మొదలు. నేను కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను కాబట్టి ప్లానింగ్ మొత్తం నాదేనని తేల్చేసినారు. ఈ బ్రాంచి చదివేవాళ్ళకు ఇంట్లో ఎలాంటి పనులు తగులుతాయో మీకు తెలుసు. ప్రింటర్, ఆధార్ అప్‌డేట్, ఇప్పుడు యూరప్.

నాయన దగ్గర అప్పటికే ఒక లిస్టు ఉంది. మండీలో పక్క షాపాయన పోయినేడు గ్రూప్ టూర్‌లో పోయి ఏడు దేశాలు చూసి వచ్చినాడంట. దాంతో మా లిస్టులో లండన్, పారిస్, స్విట్జర్లాండ్, రోమ్, వెనిస్ చేరిపోయినాయి. అమ్మకేం కావాలని అడిగితే నవ్వి ఊరుకుంది.

హాస్టల్‌కు తిరిగొచ్చి నేను ఎక్సెల్ షీట్ మొదలుపెట్టినాను. అక్క ఊరిలో మొదలై అక్క ఊరిలో ముగియాలి, మధ్యలో ఐదు ఊర్లు. ఐదు ఊర్లను 120 రకాలుగా వరసపెట్టొచ్చు. వెనక నుంచి ముందుకు తిరిగినా దూరం అంతే కాబట్టి 60 చూస్తే చాలు. మన సిలబస్‌లోని ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమే ఇది. పైథాన్‌లో పది లైన్లు రాస్తే క్షణంలో తక్కువ దూరం దారి తేలింది. చాలా గర్వంగా అనిపించింది.

అదే వారం మన లిటరరీ క్లబ్ వాళ్ళు ఈ సంచికకు మన ప్రాంతంలో పుట్టిన పెద్ద మనిషి ఒకరి జీవితం రాయమన్నారు. నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన పేరు ఒకటే. జిడ్డు కృష్ణమూర్తి. తెలిసింది పేరే, మనిషి కాదు. ఆయన పుట్టిన ఊరే మా ఊరు. రిషివ్యాలీ స్కూల్ మీదుగా ఎన్నిసార్లో పోయినాం. అంతకు మించి ఏమీ తెలీదు. తెలుగులో పెద్ద పుస్తకం చదవడం నాకింకా కష్టమే, అందుకని లైబ్రరీలో మేరీ లట్యెన్స్ ఇంగ్లీషులో రాసిన జీవితచరిత్ర తెచ్చుకున్నాను. ఒక ట్యాబ్‌లో యూరప్ రైళ్ళు, పక్కన ఆ పుస్తకం. రెండు రోజులకే రెండూ కలిసిపోయినాయి. ఎందుకంటే ఆ పుస్తకంలో కూడా ఒక మదనపల్లె అబ్బాయి మొదటిసారి యూరప్ పోతున్నాడు. అతని ప్లాన్ కూడా వేరేవాళ్ళే వేసినారు.

కృష్ణమూర్తి 1895 మే నెలలో పుట్టినాడు. అమ్మ సంజీవమ్మ, నాన్న నారాయణయ్య. నాన్న మద్రాసు యూనివర్సిటీలో చదివి రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసినాయన. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టినారు. పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం కడపకు మారితే అక్కడ మలేరియా వచ్చి దాదాపు చనిపోయినంత పనయింది. ఆ జ్వరం చాలా ఏళ్ళు వదల్లేదు. బడికి పోయేది తక్కువ, పోయినప్పుడు దిక్కులు చూసేది ఎక్కువ. టీచర్లు మొద్దు అనుకున్నారు. కానీ ఇంట్లో గడియారాన్ని ముక్కముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించేదాకా బడికి పోనని కూర్చున్నాడంట. పెద్దయ్యాక కార్లంటే కూడా అంతే పిచ్చి. మెకానికల్ వాళ్ళు ఆయన్ను తమవాడని చెప్పుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

పదేళ్ళప్పుడు, 1905లో, అమ్మ చనిపోయింది. ఆ తరవాత నాన్న రిటైరయ్యి, నలుగురు కొడుకులతో 1909 జనవరిలో మద్రాసులోని అడయార్‌కు చేరినాడు. ఆయన ఎప్పట్నుంచో దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు, అక్కడే చిన్న ఉద్యోగం దొరికింది. ఆ సమాజానికి అధ్యక్షురాలు అనీబిసెంట్. మా ఊళ్ళో బి.టి. కాలేజీ పేరులోని మొదటి అక్షరం ఆవిడదే. సమాజంలో ఇంకో పెద్ద లెడ్‌బీటర్. కొన్ని నెలలకు ఆయన అడయార్ బీచిలో ఈ పిల్లవాడిని చూసి, రాబోయే జగద్గురువుకు శరీరం ఇతనిదే అవుతుందని నిర్ణయించేసినాడు. పిల్లవాడికి పద్నాలుగేళ్ళు. మురికి బట్టలు, బక్క శరీరం, మైలాపూర్ బడిలో దాదాపు రోజూ దెబ్బలు. అట్లాంటి అబ్బాయిని పట్టుకొని ప్రపంచాన్ని నడిపించేవాడన్నారు. నాకు దీన్లో నమ్మకం సంగతి అటుంచితే, ఆ పిల్లవాడిని ఎవరైనా నీకిది ఇష్టమేనా అని అడిగినారా అన్నదే తెగలేదు. కృష్ణమూర్తి పెట్టిన షరతు ఒకటే కనిపిస్తుంది. తమ్ముడు నిత్యానంద తనతోనే ఉండాలి. నిత్య ఇతనికంటే మూడేళ్ళు చిన్న. అమ్మ పోయిన ఇంట్లో ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకొని పెరిగినారు.

1910లో నారాయణయ్య ఇద్దరు పిల్లల సంరక్షణ బిసెంటుకు రాసిచ్చినాడు. 1911 ఏప్రిల్ 22న బొంబాయిలో మాంటువా అనే ఓడ ఎక్కించి వాళ్ళను ఇంగ్లండ్ తీసుకుపోయినారు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతవరకు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. అంటే జిల్లాకు మూడు వారాల వయసున్నప్పుడు మన జిల్లావాడొకడు యూరప్ బయల్దేరినాడు. ఈ రెండు తేదీలకూ సంబంధం ఏమీ లేదు. నాకు మాత్రం ఆ లెక్క నచ్చింది.

ఓడలో ఇద్దరూ కొత్తగా కొన్న కోట్లు, బూట్లతో అలవాటు పడుతూ పోయినారు.  కృష్ణమూర్తికి ఓడలో బాగా నచ్చింది కెప్టెన్ చూపించిన మార్కోనీ వైర్‌లెస్ పరికరం. నడి సముద్రంలో తీగ లేకుండా కబురు పోయే యంత్రం. 1911లో అది మన ఏఐ కంటే పెద్ద వింత అయ్యుంటుంది. పదమూడు రోజుల తరవాత, మే 5న, లండన్ చారింగ్ క్రాస్ స్టేషన్‌లో దిగినారు. సమాజం సభ్యులు గుంపుగా వచ్చినారు. భుజాల దాకా నల్లటి జుట్టు, పెద్ద పెద్ద కళ్ళు, ఒంటికి కుదరని కొత్త కోటుతో ఉన్న పిల్లవాడిని చూడ్డానికి. ఆ గుంపులో లేడీ ఎమిలీ లట్యెన్స్ ఉంది. తరవాత న్యూఢిల్లీ కట్టిన ఆర్కిటెక్ట్ భార్య ఆవిడ. నేను చదివిన పుస్తకం రాసిన మేరీ ఆవిడ కూతురే. అమ్మ లేని కృష్ణమూర్తికి చాలా ఏళ్ళు ఆవిడే అమ్మ లెక్క.

ఆ మొదటి ట్రిప్ షెడ్యూల్ చూస్తే మా పక్క షాపాయన గ్రూప్ టూర్ గుర్తొచ్చింది. లండన్‌లో నాటకాలు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక గార్డెన్ పార్టీ, అక్కడ మే నెల చలికే అన్నదమ్ములు వణికిపోయినారు. జూన్‌లో కొన్ని రోజులు పారిస్, సోర్బాన్‌లో బిసెంట్ ఉపన్యాసం. జూన్ 22న ఐదో జార్జి పట్టాభిషేకం ఊరేగింపు. వేళకు ఇన్ని గ్లాసుల పాలని తాగించేవాళ్ళు, అది పడక రాత్రుళ్ళు కడుపునొప్పి. ఎక్కడికి పోయినా చుట్టూ జనం, ఎవరో ఒకరు చెప్పిన టైముకు లేవడం, ఎవరో తీసిచ్చిన బట్టలు వేసుకోవడం. అక్టోబర్‌లో ఇండియాకు తిరిగొచ్చినారు. పదహారేళ్ళకే లండన్, పారిస్, ఆక్స్‌ఫర్డ్ చూసేసినాడు. చూసినాడా, చూపించినారా అని నేను పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను. లైబ్రరీ పుస్తకమే, తరవాత చెరిపేసినాను.

ఆ రోజుల్లో వాళ్ళకు పాస్‌పోర్టు బాధ పెద్దగా లేదు. దేశం దాటాలంటే పాస్‌పోర్టు ఉండి తీరాలనే పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధంతో గట్టిపడింది. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం అప్పుడుండేది. మనకు దాని బదులు వీసా ఉంది. మీలో ఎవరైనా అమ్మానాన్నలను పంపాలనుకుంటే పనికొస్తుందని నేను నేర్చుకున్నది రాస్తున్నాను. షెంగెన్ వీసా ఒకటి తీసుకుంటే 29 దేశాలు తిరగొచ్చు, 180 రోజుల్లో 90 రోజుల వరకు. ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. బయల్దేరడానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆఖరికి 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. మొదటిసారి వాళ్ళు వేలిముద్రలకు స్వయంగా పోవాలి. ఇంగ్లండ్ ఈ 29లో లేదు, దానికి వేరే వీసా, వేరే ఫీజు, వేరే అప్లికేషన్. లండన్ నా షీట్‌లో నుంచి ఆ రోజే పోయింది. నాయన రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

అసలు దెబ్బ తరవాత తగిలింది. వీసా ఎక్కడపడితే అక్కడ అడగకూడదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశాన్నే అడగాలి. లండన్ తీసేశాక నా ప్లాన్‌లో అక్క దగ్గర 2 రాత్రులు, పారిస్ 2, స్విట్జర్లాండ్ 2, రోమ్ 2, వెనిస్ 2. అంటే ఇటలీలో 4. రూలు ప్రకారం మా అమ్మానాయనలు ఇటలీకి అప్లై చేయాలి. ఆహ్వానం పంపే కూతురేమో నెదర్లాండ్స్‌లో. నా ప్రోగ్రామ్ తప్పు చేయలేదు. తక్కువ దూరం కనుక్కోమన్నాను, కనుక్కుంది. ఎందుకు పోతున్నారని దానికి నేను చెప్పలేదు, అది అడగలేదు.

మళ్ళీ కథలోకి వస్తాను. 1912 మొదట్లో ఇద్దరినీ రెండోసారి ఓడ ఎక్కించినారు. ఈసారి ఇంగ్లండ్, సిసిలీలోని తావోర్‌మీనా. ఇంతలో నారాయణయ్య మనసు మారింది. లెడ్‌బీటర్ మీద ఆయనకు నమ్మకం పోయింది, పిల్లలను తిరిగిచ్చేయమని మద్రాసులో బిసెంటు మీద కేసు వేసినాడు. 1913లో హైకోర్టులో గెలిచినాడు, అప్పీల్లోనూ గెలిచినాడు. బిసెంట్ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. పిల్లల మాటే ఎవరూ వినలేదన్న కారణంగా 1914లో అక్కడ తీర్పు తిరగబడింది. పిల్లలు ఇంగ్లండ్‌లోనే ఉంటామన్నారు. వెనక్కి పోతే ఏమవుతుందో వాళ్ళకు తెలీదు, ముందుకు పోతే ఏమవుతుందో కూడా తెలీదు. ఆ నాన్న సంగతి చదివినప్పుడు మాత్రం పుస్తకం మూసేసి కాసేపు హాస్టల్ వరండాలో తిరిగినాను. సంతకం పెట్టి పంపింది ఆయనే. తిరిగి రమ్మని గెలిచినా తెచ్చుకోలేకపోయింది ఆయనే.

అదే ఏడాది యుద్ధం వచ్చింది. సముద్రపు ఒడ్డున బ్యూడ్ అనే ఊరిలో ట్యూటర్ల దగ్గర చదువు. ఆక్స్‌ఫర్డ్‌లో చేర్చాలని ఎప్పుడో పేర్లు రాయించినారు కానీ, కోర్టు గొడవలూ, దేవుడని చుట్టూ జరిగే ప్రచారమూ చూసి కాలేజీలు వద్దన్నాయి. లండన్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ రాస్తే ఫెయిల్. మళ్ళీ రాస్తే మళ్ళీ ఫెయిల్. లెక్కలు అసలు రాలేదు. తమ్ముడు నిత్య మాత్రం లా పరీక్షలు పాసయ్యాడు. ఎం-త్రీలో బ్యాక్‌లాగ్ ఉన్న మన సోదరులకు ఇది ఓదార్పుగా ఉంటుందేమో గానీ, ఇదే మార్గం అని మాత్రం నేను చెప్పను.

1920 జనవరిలో పరీక్షల గొడవ వదిలేసి పారిస్ పోయినాడు. ఫ్రెంచి నేర్చుకోవాలని. పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. తొమ్మిదేళ్ళ కిందట కొన్ని రోజులు చూపించిన ఊరే, ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళ మనిషిగా వచ్చి అద్దె గదిలో ఉన్నాడు. మాంజియార్లీ అనే కుటుంబంతో స్నేహం కుదిరింది. ఆ తల్లీ కూతుళ్ళు ఫ్రెంచి నేర్పించినారు, మ్యూజియంలకూ నాటకాలకూ తిప్పినారు, నవ్వించినారు. ఇతను జగద్గురువు అవుతాడని నమ్మినవాళ్ళే వాళ్ళు కూడా, కానీ ఇంట్లో పిల్లవాడి మాదిరే చూసినారు. యూరప్‌లో అతనికి మొదటిసారి ఒక ఊరు అంటూ దొరికింది అక్కడే అని నాకనిపించింది.

అంతలోనే 1921 మేలో నిత్యకు దగ్గులో రక్తం పడింది. క్షయ. అప్పటికి దానికి మందు లేదు, కొండగాలి ఒకటే వైద్యం. ఆ ఏడాది స్విట్జర్లాండ్ కొండల్లో విల్లార్ అనే ఊళ్ళో ఉన్నారు. మా నాయన స్విట్జర్లాండ్ అనగానే మంచులో కేబుల్ కార్లు తలచుకుంటాడు. ఆ కాలంలో ఎందరో అక్కడికి పోయింది ఊపిరి కోసం. అదే ఏడాది చివర్లో అన్నదమ్ములు ఇండియా వచ్చినారు, దాదాపు పదేళ్ళ తరవాత. అప్పుడు మద్రాసులో నాన్నను చూసినారు. ఆ కలయికలో ఏం జరిగిందో నేను ఊహించుకొని రాయను. 1924లో నారాయణయ్య చనిపోయినాడు.

1922లో పొడిగాలి మంచిదని నిత్యను కాలిఫోర్నియాలోని ఓహాయ్‌కు తీసుకుపోయినారు. కొన్నాళ్ళు బాగుపడ్డాడు, మళ్ళీ తిరగబెట్టింది. 1925 డిసెంబర్‌లో అడయార్‌లో సమాజం యాభై ఏళ్ళ ఉత్సవం. కృష్ణమూర్తి రాక తప్పదన్నారు. తమ్ముడికి ఏమీ కాదు, అతని అవసరం ఉంది కాబట్టి పై శక్తులు కాపాడతాయి అని పెద్దలందరూ భరోసా ఇచ్చినారు. ఇతనూ నమ్మినాడు. నేపుల్స్‌లో ఓడ ఎక్కినాడు. ఓడ సూయజ్ కాలువలోకి వస్తుండగా టెలిగ్రామ్ వచ్చింది. నవంబర్ 13న ఓహాయ్‌లో నిత్య చనిపోయినాడు. ఇరవై ఏడేళ్ళు.

పద్నాలుగేళ్ళ కిందట అదే తోవలో పోతూ ఓడలో వైర్‌లెస్ యంత్రాన్ని చూసి మురిసిపోయిన పిల్లవాడతను. ఆ తీగ లేని కబురే ఇప్పుడు ఈ వార్త తెచ్చింది. కొన్ని రోజులు క్యాబిన్‌లో ఏడుస్తూనే ఉన్నాడంట, రాత్రుళ్ళు తమ్ముడిని పేరు పెట్టి పిలుస్తూ. ఓడ ఒడ్డుకు చేరేసరికి మొహం తేటగా ఉంది. కానీ లోపల ఏదో తెగిపోయింది. తనకు ప్లాన్ వేసినవాళ్ళ మాట మీద నమ్మకం అక్కడే పోయిందని చాలామంది రాసినారు. నాకూ అట్లే అనిపిస్తుంది.

నాలుగేళ్ళు పట్టింది బయటపడ్డానికి. అదీ యూరప్‌లోనే, నెదర్లాండ్స్‌లోనే. ఓమెన్ అనే చిన్న ఊరి పక్కన ఈర్డె అని ఒక కోట. దాని యజమాని బారన్ వాన్ పల్లాంట్, కోటనూ చుట్టూ ఉన్న అడవినీ ఇతని సంఘానికి ఇచ్చేసినాడు. 1924 నుంచి ప్రతి వేసవీ అక్కడ క్యాంపు. పైన్ చెట్ల మధ్య గుడారాలు, సాయంత్రం పెద్ద మంట, దాని చుట్టూ అనేక దేశాల మనుషులు. జగద్గురువు కోసం పెట్టిన ఆ సంఘం పేరు ఆర్డర్ ఆఫ్ ది స్టార్. దానికి అధిపతి ఇతనే. 1929 ఆగస్టు 3న, బిసెంట్ ముందు, మూడు వేల మందికి పైగా సభ్యుల ముందు నిలబడి ఆ సంఘాన్ని రద్దు చేస్తున్నానని చెప్పినాడు. సత్యానికి ఎవరూ దారి వేసి ఇవ్వలేరనీ, తనకు శిష్యులు వద్దనీ చెప్పినాడు. అప్పటికి అతనికి 34. కోటనూ, భూములనూ ఎవరివి వాళ్ళకు తిరిగి ఇప్పించేసినాడు. పద్దెనిమిదేళ్ళుగా జనం ఇతని కోసం కట్టిన దాన్ని ఇతనే ఒక పొద్దున విప్పేసినాడు. ఈసారి మళ్ళీ బిగించలేదు.

అదే క్యాంపు స్థలాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఖైదీల శిబిరంగా వాడుకున్నారని చదివి మనసు చివుక్కుమంది. ఆ యుద్ధకాలమంతా ఆయన ఓహాయ్‌లోనే ఉండిపోయినాడు.

మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీకు తెలిసిన కృష్ణమూర్తి ఆ తరవాతి మనిషే. ఉపన్యాసాలు, పుస్తకాలు, స్కూళ్ళు. మన రిషివ్యాలీ స్థలం 1920లలో ఆయన చూసి ఎంచుకున్నదే. పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయ. నేను పట్టుకున్న తోక మాత్రం యూరప్. 1961 నుంచి 1985 దాకా ప్రతి వేసవీ ఆయన పోయింది స్విట్జర్లాండ్‌లోని సానెన్ అనే పల్లెకు. పక్క ఊరు గ్స్టాడ్‌లో ఒక చెక్క ఇంట్లో బస. సానెన్‌లో నది ఒడ్డున పెద్ద డేరా, దాంట్లో ప్రసంగాలు. మధ్యాహ్నం అడవిలో నడక. అదే దారి, అదే వాగు, అవే కొండలు. వచ్చే ఏడు మళ్ళీ అదే. ప్రపంచంలో ఎక్కడికైనా టికెట్ పంపేవాళ్ళు ఉన్న మనిషి పాతికేళ్ళు ఒకే పల్లెకు పోయినాడు. నడిచేటప్పుడు చూసిన చెట్టునూ, వెలుతురునూ తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. రోజూ చూసే కొండనే కొత్తగా చూసినట్టు రాస్తాడు. సానెన్ ఇప్పుడు కూడా మోంట్రో నుంచి వచ్చే చిన్న కొండరైలు తోవలో గ్స్టాడ్‌కు ఒక స్టేషన్ ముందు ఉంది.

1985 చివర్లో ఆఖరుసారి రిషివ్యాలీకి వచ్చినాడు. అప్పటికే ఒళ్ళు బాగా తగ్గిపోయింది. జనవరిలో ఓహాయ్ పోయినాడు, 1986 ఫిబ్రవరి 17న పాంక్రియాస్ క్యాన్సర్‌తో అక్కడే పోయినాడు. తొంభై ఏళ్ళు. తమ్ముడు పోయింది కూడా ఆ ఊళ్ళోనే.

ఫిబ్రవరిలో ఒక శనివారం భాకరాపేట ఘాట్ మీదుగా బస్సులో ఇంటికి పోయి, లాప్‌టాప్ తెరిచి షీట్ చూపించినాను. నాయన ఊర్ల పేర్లు చదువుకుంటూ పోయినాడు. అమ్మ పేర్లు చదవలేదు. అక్క పేరు ఉన్న గడులు వేలితో లెక్కపెట్టింది. రెండు. అవి కూడా దిగిన రోజు ఒకటి, ఎక్కే ముందు రోజు ఒకటి. దిగిన రోజు నిద్రకే సరిపోతుంది, ఎక్కే ముందు రోజు సూట్‌కేసులు సర్దడానికే సరిపోతుంది. అమ్మ ఏమీ అనలేదు. పొయ్యి మీద పాలు చూసొస్తానని లేచిపోయింది.

ఆ రాత్రి షీట్ మళ్ళీ మొదటి నుంచి వేసినాను. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుందని ముందే తీసేసినాను. గది ఖాళీ చేయడం, స్టేషన్, రైలు, మళ్ళీ గది ఇచ్చేదాకా సామాను పట్టుకొని కూర్చోవడం. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి సగం రోజు కూడా తక్కువే. మొదటి ప్లాన్‌లో అట్లా ఆరు సగాలు, అంటే మూడు రోజులు రోడ్డు పాలు. కొత్త ప్లాన్‌లో రెండు సగాలే. అక్క దగ్గర 7 రాత్రులు, మధ్యలో పారిస్ 3. అంతే. వీసా అప్లికేషన్ కూడా సక్రమంగా నెదర్లాండ్స్‌కే పోతుంది. అక్క ఆఫీసుకు పోయే రోజుల్లో వీళ్ళిద్దరూ ఆ ఊళ్ళో సంతకు పోయి కూరగాయలు చూస్తారు. టమాటా అక్కడ కిలో ఎంతో మా నాయనకు మ్యూజియం కంటే ఎక్కువ ఆసక్తి అని నాకు తెలుసు.

ఒక ఆదివారం ముగ్గురూ ఓమెన్ పోవాలని పెట్టినాను. జ్వోలెలో రైలు మారాలి, ఐండ్‌హోవెన్ నుంచి సుమారు రెండున్నర గంటలు. ఏముంది అక్కడ అని నాయన అడిగినాడు. మన ఊరాయన ఒకప్పుడు ఉన్న అడవి అని చెప్పినాను. స్విట్జర్లాండ్ పోయినందుకు ఆయనకింకా కొంచెం బాధగానే ఉంది. పక్క షాపాయనకు ఏం చెప్పాలో తెలీడం లేదంట. రెండు దేశాలే అంటే తక్కువైపోతుందని, విమానం దుబాయ్‌లో దిగి ఎక్కుతుంది కాబట్టి మూడని చెప్పుకోవచ్చా అని అడిగినాడు. చెప్పుకోవచ్చన్నాను.

షీట్‌లో రెండు రోజుల గడులు ఖాళీగా వదిలేసినాను. నింపడం మర్చిపోయినానని నాయన అనుకున్నాడు. అమ్మ మాత్రం ఆ గడులు చూసి, రాగిపిండి ఎన్ని కిలోలు పట్టనిస్తారు, అక్క ఇంట్లో సంగటి కెలికేంత పెద్ద గిన్నె ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోమంది.